మూడువేల పంతొమ్మిదిలో తెరవవలెను

నేను ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెను. వెయ్యేళ్లు బతకాలని నన్ను పుట్టించారు. ఆరేళ్లకే నా అడుగున చిటికెనవేలు దూరేంత చిల్లులు పడ్డాయి. ఇందులో నా తప్పేమీ లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. మనుషులకైతే ఇలాంటప్పుడు విచారణ సంఘం వేస్తారు. నాకా సౌకర్యం లేదు గనక నా సంగతి నేనే చెప్పుకోవాలి.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, పాల డెయిరీలకు ట్యాంకులు చేసే ఒక రేకుల షెడ్డులో. నన్ను చేసిన వెల్డరు పేరు సుభానీ. యాభై దాటిన మనిషి. నిప్పురవ్వలు పడీ పడీ ఆయన ముంజేతుల నిండా మిరియాలు చల్లినట్టు మచ్చలు. పాలక్యానుకు అతుకు వేసినా, పెళ్లివారి గుండిగకు వేసినా ఊపిరి బిగబట్టి వేసేవాడు. నాకూ అంతే శ్రద్ధగా వేశాడు. అప్పటికి నేనేమిటో ఆయనకు తెలియదు.

"మూడడుగుల పొడుగు, మూత బిగిస్తే గాలి చొరబడకూడదని రాశారు. ఊరగాయ పెడతారా ఏంది ఇందులో?" అని షెడ్డు యజమానిని అడిగాడు.

"కాలపేటికంట. మన వస్తువులు కొన్ని లోపల పెట్టి భూమిలో పూడుస్తారంట. వెయ్యేళ్ల తర్వాత ఉండేవాళ్లు తీసి చూసుకుంటారంట."

సుభానీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, నన్ను చేయబోయే రేకును గోటితో గీకి చూశాడు. "వెయ్యేళ్లకు ఈ రేకు ఇచ్చారేంది? ఇది గిన్నెలు చేసుకునే రకం. ఉప్పు తగిలిందంటే తినేస్తది. సముద్రం పనికి వాడేది వేరే ఉంటది."

"కాలేజీవాళ్లే పంపించారు. అది ఇంజనీరింగ్ కాలేజీ. వాళ్లకు తెలియదా?"

సుభానీ రేకు కొలిచి గీత గీశాడు. ఇంజనీర్లకు తెలుసన్న నమ్మకంతో నేను తయారయ్యాను. నా పక్కన 'క్రీ.శ. 3019లో తెరవవలెను' అని పెద్ద అక్షరాలు చెక్కారు.

నన్ను చేయించిన కాలేజీ జాతీయ రహదారి పక్కన, ఈతముక్కలపాడు అనే ఊరి పొలిమేరలో ఉంది. దాని ఛైర్మన్ చుండూరి విశ్వనాథం. కాలేజీ రాకముందు అదే స్థలంలో ఆయనకు పసుపు రంగు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. గేట్లకూ బస్సులకూ వేసే రంగులోకి ఆ పొడి పోయేది. అది మూతపడ్డాక ఆ గోడల మధ్యనే ఇంజనీర్లను తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. పైపూత బాగుంటే లోపలి సరుకును ఎవరూ అడగరని మొదటి వ్యాపారంలో నేర్చుకున్నది రెండోదానిలో పనికొచ్చింది. కాలేజీకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా, రాబోయే వెయ్యేళ్ల మానవాళికి సందేశం పంపాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో తర్వాత చెబుతాను.

నన్ను ఛైర్మన్ గదిలో తివాచీ మీద పెట్టారు. పదకొండుమందితో సంఘం వేశారు. వాళ్ల సమావేశాలన్నీ నా చుట్టూనే జరిగాయి. మానవాళి భవిష్యత్తు ఎలా తేలుతుందో నేను కళ్లారా చూశాను. మొదటి రెండు సమావేశాలు లోపల పెట్టే రాగిరేకు మీద సంఘసభ్యుల పేర్లు ఏ వరసలో ఉండాలన్న దానికే సరిపోయాయి. మూడోదానిలో మానవాళి దాకా వచ్చారు.

కంప్యూటర్ విభాగాధిపతి తనకు ఏ సందేహమూ లేదన్నాడు. "ఇంకో రెండు వందల ఏళ్లలో మనిషికి శరీరం ఉండదండీ. మెదడులో ఉన్నదంతా యంత్రంలోకి ఎక్కించేస్తారు. ఆకలి, రోగం, ముసలితనం, ఏమీ ఉండవు."

"శరీరం లేకపోతే ఈ మూత ఎవరు తీస్తారు?" అని అడిగింది ఆ సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. ఆమె ఫిజిక్స్ చెప్పే హైమావతి.

"రోబోలు తీస్తాయి మేడమ్."

"అయితే ఉత్తరం రోబోలకు రాయాలా, మనుషులకా?"

ఛైర్మన్ విసుక్కున్నాడు. "అందరికీ అని రాయండమ్మా. శుభలేఖలో రాయమా, సకుటుంబ సపరివారంగా అని."

ఛైర్మన్ ఉపన్యాసాలు నలభై గంటలవి ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెడదామన్నారు. దాన్ని చూడాలంటే ల్యాప్‌టాప్ కావాలి గనక అదీ పెడదామన్నారు. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్. ఛార్జర్ పెట్టడానికి గోడకు మూడు కన్నాల సాకెట్ వెయ్యేళ్ల తర్వాత ఉంటుందా అని ఎలక్ట్రికల్ ఆయన అడిగితే అందరూ కాసేపు నిజంగానే దిగులుపడ్డారు. చివరికి సాకెట్ బొమ్మ గీసి, కొలతలు వేసి, లోపల పెట్టాలని తీర్మానించారు. అప్పటికి తెలుగు చదివేవాళ్లు ఉంటారా అన్న ప్రశ్న వచ్చినప్పుడు తెలుగు మాస్టారు అలిగి లేచిపోయాడు. కుర్చీలో మరిచిపోయిన సెల్‌ఫోను కోసం మళ్లీ వచ్చి కూర్చున్నాడు. నక్షత్రాలకు వలస వెళ్లిన మనుషులు నన్ను తెరవడానికి భూమికి తిరిగి రావాల్సి ఉంటుంది గనక కాలేజీకి దారి చూపే పటం ఒకటి వేశారు. ఆ పటంలో బస్టాండు నుంచి ఆటో దొరుకుతుందని కూడా రాశారు.

ఉత్తరం రాసే పని హైమావతికి పడింది. ఆమెకు నలభై నాలుగేళ్లు. పద్నాలుగేళ్లుగా అక్కడే పాఠం చెబుతోంది. ఉండేది కాలేజీ క్వార్టర్సులో. ఇద్దరు పిల్లలు చదివేది అదే యాజమాన్యం నడిపే బడిలో. లేచిన దగ్గర్నుంచి ఆమె తొక్కే నేలంతా ఛైర్మన్‌దే.

ఆమెకు ఒక సంగతి తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు, ప్రాజెక్టు పని మీద ఆమె విద్యార్థులు చుట్టుపక్కల బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చారు. కాలేజీ గోడకు అవతల ఒక పాలెం ఉంది, ఎనభై గడప. అక్కడి బోరు నీళ్లలో మందు చుక్కలు వెయ్యగానే అవి ఊదారంగుకు తిరిగాయి. క్రోమియం విషం ఉంటే వచ్చే రంగది. ఆమె నివేదిక పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరకు పోతే, ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, "మీ పిల్లలు బాగా చదువుతున్నారా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అర్థం కావడానికి ఫిజిక్స్ అక్కర్లేదు. తర్వాత పున్నయ్య అనే తోటమాలి ఆమెతో మిగతాది చెప్పాడు. ఫ్యాక్టరీ రోజుల్లో అతను అక్కడ కాపలాదారు. మిగిలిపోయిన మడ్డిని పీపాల్లో నింపి, ఈశాన్యం మూల గొయ్యి తీసి, లారీల కొద్దీ పూడ్చారట. ఎన్ని పీపాలని అడిగితే, "లెక్కపెట్టొద్దన్నారమ్మా" అన్నాడు. కాలేజీలో అందరూ తాగేది పట్నం నుంచి వచ్చే క్యాన్ల నీళ్లు. ఎందుకని ఎవరూ అడగరు.

ఆమె మొదట రాసిన ఉత్తరం పొట్టిది. 'మీకు మేం ఇచ్చిపోతున్న వాటిలో కొన్ని భూమి కింద ఉన్నాయి, వాటి వివరాలు ఇవి' అని మొదలైంది. ఛైర్మన్ అది చదివి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అమ్మా, వెయ్యేళ్ల తర్వాత ఎవరో మన ఉత్తరం తెరుస్తారు. తెరవగానే మన ఇంటి గుట్టు చెబుతామా? ఆశ కలిగేట్టు రాయండి. మానవుడి అజేయశక్తి, విజ్ఞానం, అలాంటివి."

"పెట్టెను ఈశాన్యం మూల పూడుస్తామంటున్నారు సార్. ఆ చోటు వద్దు."

"వాస్తు ఆయన అదే చోటు చెప్పాడు."

"అక్కడ తవ్వితే..."

"ఆరడుగులే తవ్వుతాం. పైన పాలరాతి స్థూపం కడతాం. ఇక వెయ్యేళ్ల దాకా అక్కడ ఎవరూ గడ్డపార వెయ్యకూడదు. తెలిసిందా?"

ఆమెకు తెలిసింది. నాకు కూడా అప్పుడే తెలిసింది. నేను మానవాళికి సందేశాన్ని కాను, ఒక గొయ్యికి బిరడాను. ఆయన చూపు వెయ్యేళ్ల ముందుకు ఎందుకు పోయిందని ఆశ్చర్యపడ్డ వాళ్లకు ఇదీ జవాబు. కాళ్ల కింద ఉన్నది చూడకూడదనుకున్నవాడికి అంత దూరం చూడటం పెద్ద కష్టం కాదు.

ఆమె రెండో ఉత్తరం రాసింది. మానవుడి అజేయశక్తి అందులో మూడుసార్లు వచ్చింది. ఛైర్మన్ మెచ్చుకున్నాడు.

ఉత్సవానికి ఐదు రోజులుందనగా, మూత రబ్బరు సరిగ్గా కూర్చోవడం లేదని చెప్పి ఆమె నా మూతను బస్సులో ఆటోనగర్ పట్టుకెళ్లింది. నా మూత ఎక్కడుంటే అక్కడి మాట నాకు తెలుస్తుంది, అదీ నా ఒంట్లో భాగమే కదా. సుభానీ రబ్బరు చూశాడు. "బాగానే ఉంది మేడమ్. ఎవరు చెప్పారు బాగాలేదని?"

ఆమె సంచిలోంచి చేత్తో రాసిన కాగితం తీసి ఇచ్చింది. "దీన్ని మూత లోపలి వైపు చెక్కాలి. లోతుగా. మీరు చెక్కినట్టు ఎవరికీ తెలియకూడదు."

సుభానీ కాగితం మెల్లగా చదివాడు. పెదాలు కదిలాయి. చదివాక దాన్ని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా సుత్తి పెట్టాడు.

"మీరు చెప్పే పాలెంలో జనం ఉన్నారా ఇప్పుడు?"

"ఉన్నారు."

"వాళ్లకు చెప్పారా?"

హైమావతి షెడ్డు బయట ఆగిన లారీ వైపు చూసింది. "చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇల్లు పోతుంది. పిల్లల్ని ఏ బడిలోనూ చేరనివ్వడు ఆయన. కనీసం ఎప్పటికైనా ఎవరికో ఒకరికి తెలియాలని..."

"వెయ్యేళ్ల తర్వాత ఎవరొస్తారో మీకు తెలీదు, నాకూ తెలీదు. వాళ్లకేమో చెక్కి చెబుతాం," అని సగంలో ఆపేశాడు. ఆమె ముఖం చూసి ఆపాడనుకుంటాను. చెక్కే మిషను అందుకుని అడిగాడు, "కింద పేరు ఎయ్యాలా?"

ఆమె బల్ల మీది కాగితం కింద తన పేరు రాసి ఇచ్చింది. "వెయ్యండి."

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా చెక్కాడు. ఆమె స్టూలు మీద కూర్చుని ప్రతి అక్షరం చూసింది. బస్సెక్కినప్పుడు మూతను ఒళ్లో పెట్టుకుని, లోపలి వైపు కడుపుకు ఆనించుకుని కూర్చుంది. అక్షరాలు ఎవరికీ కనపడకూడదని.

ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. హైదరాబాదు నుంచి భవిష్యత్తు గురించి ఉపన్యాసాలిచ్చే నిపుణుడొకాయన వచ్చాడు. ఇంకో ముప్పై ఏళ్లలో చావు అనేది ఇష్టమైనవాళ్లు ఎంచుకునేది అవుతుందని చెప్పాడు. ముందువరసలో ఉన్న డెబ్బై ఏళ్ల ఛైర్మన్ ముందుకు వంగి విన్నాడు. ముప్పై ఏళ్లను కొంచెం తగ్గించే వీలుందా అని తర్వాత టీ దగ్గర ఆయన్ను విడిగా అడిగాడు కూడా. శ్రమ అనే మాటే నిఘంటువుల్లో మిగలదని నిపుణుడు చెబుతున్న సమయానికి క్రేను స్టార్టు కాలేదు. నలుగురు కూలీలు నాకు తాళ్లు కట్టి, చెప్పులు విడిచి, ఆయాసపడుతూ నన్ను గోతిలోకి దించారు. మూతకు అతుకు వెయ్యడానికి సుభానీనే పిలిపించారు. అతుకు వేస్తున్నంతసేపూ అతను హైమావతి వైపు తలెత్తలేదు. ఆమె గుంపు వెనక నిలబడి అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

మీద మట్టి పడింది. మట్టి మీద కాంక్రీటు, కాంక్రీటు మీద పాలరాయి.

భూమిలో నాకు తోడు లేదనుకున్నాను. రెండడుగుల కింద పీపాలున్నాయి. పాతికేళ్లుగా పడుకున్న పాత కాపులు. తుప్పుపట్టి ఒక్కొక్కటే నోరు తెరుస్తున్నాయి. లోపలి పసుపు మడ్డి ఉప్పుతో, ఆమ్లంతో కలిసి వానాకాలంలో పైకి ఉబికేది, ఎండాకాలంలో కిందికి దిగేది. సుభానీ చెప్పినట్టే ఆ ఉప్పు నన్ను సూదులతో పొడిచినట్టు పొడిచింది. మొదటి ఏట మచ్చలు. మూడో ఏటికి గుంటలు. ఐదో ఏట మడ్డి లోపలికి వచ్చి ల్యాప్‌టాప్‌ను, నలభై గంటల ఉపన్యాసాన్ని, సాకెట్ బొమ్మను, అజేయశక్తిని ఒకే ముద్ద చేసింది.

పీపాలకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. వాటి సందేశానికి భాష అక్కర్లేదు, ఛార్జర్ అక్కర్లేదు. రోజుకింత చొప్పున నేల లోపల గోడ దాటుకుని పాలెం బోర్లలోకి నడిచిపోయేది. చేరవలసిన వాళ్లకు చేరుతూనే ఉండేది. పాలెంలో జనానికి చేతుల మీద మానని పుండ్లు పడ్డాయి. ఇద్దరు పెద్దవాళ్లు కిడ్నీలు పోయి చనిపోయారు. ఎందువల్లో ఎవరూ తేల్చలేదు. గోడకు ఇవతల ఆడిటోరియంలో ఆ ఏడాదే 'అంగారకుడిపై తాగునీరు' అన్న అంశం మీద సదస్సు జరిగింది.

ఆరో ఏట రహదారి వెడల్పు చెయ్యడానికి ప్రభుత్వం వాళ్లు వచ్చారు. పక్కదారి కోసం కాలేజీ ఈశాన్యం మూల కావాలన్నారు. ఛైర్మన్ కంగారు చూసి తీరాలి. స్థూపాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించాలని అర్జీ పెట్టాడు. నిర్మాణ కాలం అన్న చోట ఐదేళ్ల పది నెలలు అని నింపవలసి వచ్చింది. అర్జీ తిరిగొచ్చింది. ఒకరోజు పొద్దున పది గంటలకు జేసీబీ ప్రహరీని కూల్చి, పాలరాతిని పెకలించి, కాంక్రీటు పగలగొట్టి, నన్ను పళ్లతో ఎత్తి గట్టు మీద పెట్టింది. రెండోసారి తొట్టె దింపితే ఒక పీపా నడుం విరిగి పైకొచ్చింది. పచ్చటి మడ్డి కారింది. ఘాటుకు డ్రైవరు కిందికి దూకేశాడు.

ఆ వాసనకు పాలెం జనం గోడ కూలిన చోటు నుంచి వచ్చారు. ముందు నిలబడింది దీనమ్మ. అరవై ఏళ్ల మనిషి, వార్డు మెంబరు. చేతులకు మోచేతుల దాకా గుడ్డ చుట్టుకుని ఉంది, ఆ గుడ్డల కింద పుండ్లు. కాలేజీ వాళ్లూ పరుగున వచ్చారు, హైమావతి కూడా. ఛైర్మన్ కారు దిగుతూనే చెప్పాడు.

"పెట్టెను నా డిక్కీలో పెట్టండి. అది కాలేజీ ఆస్తి."

ఇద్దరు నన్ను ఎత్తబోయారు. సుభానీ అతుకు గట్టిగానే ఉంది గాని, దాని చుట్టూ ఉన్న రేకు బిస్కెట్టులా విరిగింది. మూత ఊడి దొర్లి, లోపలి వైపు పైకి చూపిస్తూ పడింది. నా కడుపులోని ముద్ద గట్టు మీద జారింది. దీనమ్మ మూత మీద బురదను చెప్పుకాలితో తుడిచింది.

"అక్షరాలున్నయ్యే దీని మీద. నా కళ్లజోడు ఇంటికాడుంది. ఎవరన్నా చదవండి."

"అవి కంపెనీ గుర్తులు. అందులో చదివేదేం లేదు," అన్నాడు ఛైర్మన్. తర్వాత హైమావతి వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నాడు, "మేడమ్, మీరు క్లాసుకు వెళ్లండి."

ఆమె వెళ్లలేదు. కాళ్లు కదలక నిలబడిందో, నిలబడాలని నిలబడిందో నాకు తెలియదు. దీనమ్మ ఆమె వైపు చూసి, "మీరు చదవండమ్మా, టీచరమ్మ కదా," అంది.

హైమావతి మోకాళ్ల మీద కూర్చుని మూతను రెండు చేతులతో పట్టుకుంది.  చదవడం మొదలుపెట్టింది.

"ఈ చోట నేల కింద విషపు పీపాలున్నాయి. పాతికేళ్ల కిందటి రంగుల ఫ్యాక్టరీ వాటిని పాతింది. గోడకు అవతలి పాలెం బోర్లలోకి విషం దిగుతోంది. తవ్వకండి. ఆ నీళ్లు తాగకండి. తెలిసి కూడా చెప్పలేకపోయాను. క్షమించండి."

 కింద ఇంకో వరస ఉంది. చదవకపోతే అడిగేవాళ్లు లేరు, మూత ఆమె చేతుల్లోనే ఉంది. ఆమె చదివింది.

"టి. హైమావతి, ఫిజిక్స్ విభాగం. రెండువేల పంతొమ్మిది."

జేసీబీ ఇంజను ఇంకా తిరుగుతోంది. ఎవరో వెళ్లి ఆపారు.

"హైమావతంటే?" అని అడిగింది దీనమ్మ.

"నేనే."

"ఆరేళ్లయిందా మీకు తెలిసి?"

"పదేళ్లు. రాసి ఆరేళ్లు."

"ఎవురికి రాశారిది?"

"వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకి."

దీనమ్మ వెనక్కి తిరిగి కూలిన గోడను, దాని అవతల తన ఇంటి ముందు ఆరేసిన చీరను చూసింది. మళ్లీ ఇటు తిరిగింది. "అదేనమ్మా మా ఇల్లు. ఇక్కణ్ణుంచి కేకేస్తే పలుకుతాం."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒకడు ఛైర్మన్ కారుకు అడ్డంగా కూర్చున్నాడు, ఇంకో ఇద్దరు కూర్చున్నారు. హైమావతి మాత్రం మూతను వదలకుండా అలాగే కూర్చుండిపోయింది. ఏడుపొస్తున్నట్టుంది. దీనమ్మ ఆమె పక్కకు వచ్చి అంది.

"ఇప్పుడేడిస్తే ఏమొస్తది. ఏ బోరు మంచిదో ఏది కాదో చూడటం మీకొచ్చు కదా. వచ్చి చెప్పండి. ఇయాలే."

ఆ సాయంత్రమే ఆమె ల్యాబ్ నుంచి మందు సీసాలు తీసుకుని పాలెంలోకి వెళ్లిందట. మర్నాడు అధికారుల దగ్గర వాంగ్మూలం ఇచ్చింది. ఇంటి బీరువాలో దాచుకున్న పాత నివేదిక నకలు కూడా ఇచ్చింది. వారంలో ఉద్యోగం పోయింది, నెలలో క్వార్టర్సు ఖాళీ చేసింది. పిల్లలు బడి మారారు. ఆరేళ్ల కిందట ఆమె భయపడినవన్నీ ఒక్కొక్కటే జరిగాయి. జరిగాక ఆమె అన్నం తింటూనే ఉంది, బస్సెక్కుతూనే ఉంది. జరగకముందు మాత్రం అవి కొండంత కనిపించాయి.

నూట డెబ్బై పీపాలు తీశారు. పాలెంలో తొమ్మిది బోర్లకు మూత పెట్టి, దూరం నుంచి పైపు నీళ్లు తెచ్చారు. ఛైర్మన్ ఊరుకుంటాడా? పత్రికలవాళ్లను పిలిచి, భూమి కింది ప్రమాదం గురించి ముందుచూపుతో కాలపేటికలో హెచ్చరిక చెక్కించింది తమ యాజమాన్యమేనని ప్రకటించాడు. ఆ ఏటి ప్రవేశాల కరపత్రంలో నా మూత ఫొటో వేశారు, ఆమె పేరున్న వరస కనపడకుండా.

కేసు కోర్టుకు వచ్చింది. నన్ను సాక్ష్యాల గదిలో పెట్టారు. మొదటి వాయిదా రోజున ఛైర్మన్ తరఫు న్యాయవాది నా మీది అక్షరాలను వేలితో చూపించి వాదించాడు. 'ఇది మూడువేల పంతొమ్మిదిలో తెరవవలెనని స్పష్టంగా ఉంది. ముందుగా తెరవడం దాతల అభీష్టానికి విరుద్ధం. కనుక లోపల దొరికినది ఏదీ ఇప్పుడు సాక్ష్యంగా పనికిరాదు.' జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మరి విచారణ అప్పుడే జరుపుదామంటారా?" అని అడిగారు. న్యాయవాది దాని గురించి కూడా కాసేపు ఆలోచించాడు.

సుభానీ సాక్షిగా వచ్చాడు. నన్ను చూసి మొదట అతుకు మీద చెయ్యి వేశాడు. "ఈ పని నాదే సార్. అతుకు పోలేదు చూడండి. రేకు పోయింది," అన్నాడు. అక్షరాలు ఎవరు చెక్కారని అడిగితే, తానేనన్నాడు. ఎందుకు చెక్కావంటే, "ఆమె అడిగారు. చదివితే నిజంలాగే ఉంది," అని చెప్పి దిగిపోయాడు.

ఇవాళ మూడో వాయిదా. నన్ను గుర్తుపట్టి సంతకాలు చెయ్యడానికి హైమావతి, దీనమ్మ కలిసి వచ్చారు. కలిసి వచ్చారంటే ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో అని అర్థం, అంతకుమించి కాదు. ఈ ఏడాదిలో దీనమ్మ ఆమెను క్షమించానని ఒక్కసారి కూడా అనలేదు. ఆదివారం ఆదివారం నీళ్లు పరీక్ష చెయ్యడానికి ఆమె రాకపోతే మాత్రం ఫోను చేస్తుంది.

గుమాస్తా ఇద్దరి చేతా సంతకం చేయించి, కేసు మళ్లీ రెండు నెలలకు వాయిదా పడిందని చెప్పాడు. దీనమ్మ చేతులకు గుడ్డలు లేవు. పుండ్లు మానిన చోట చర్మం తెల్లగా, నున్నగా మెరుస్తోంది. ఆ చేత్తోనే కొంగు నడుముకు దోపుకుంది.

"మూడింటికి బస్సుంది. పదండి," అంది. "ఆఖరు వీధిలో లూకా వాళ్లు కొత్త బోరు ఏయించారు. వచ్చిన నీళ్లు ఒక రెండు బిందెలు పట్టుకుని పక్కన పెట్టమన్నా. మీరు చూసేదాకా ఎవరూ ముట్టుకోరు."

"మందు సీసా సంచిలోనే ఉంది," అంది హైమావతి.

గుమాస్తా గదికి తాళం వేశాడు. వాళ్ల చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించి ఆగిపోయింది. మానవాళి నక్షత్రాలకు పోతుందో, యంత్రాల్లో ఎక్కి కూర్చుంటుందో, చావును ఎంచుకుంటుందో, ఎంచుకోదో, నా చుట్టూ కూర్చుని పదకొండుమంది తేల్చలేనిది నేనేం తేలుస్తాను. లూకా ఇంటి ముందు రెండు బిందెలున్నాయి. చుక్కలు వేశాక ఆ నీళ్లు ఊదారంగు తిరుగుతాయో, తేటగానే ఉంటాయో, అది మాత్రం ఎవరైనా వచ్చి నాకు చెబితే బాగుండునని ఉంది.